కండ కొలిచి సత్తువ అనుకోకండి

సంపాదకులకు నమస్కారం.

వయసు మీదపడ్డాక కండరాలు ఎందుకు డీలాపడతాయన్న దాని మీద జరుగుతున్న పరిశోధనల వార్తలు పత్రికల్లో తరచూ కనిపిస్తున్నాయి. రావాల్సిందే. పెద్దవయసులో మనిషిని మంచానికి చేర్చే కారణాల్లో ఇదొకటి, అయినా పట్టించుకునేవాళ్ళు తక్కువ. అయితే ఆ వార్తల్లో ఒక పొరపాటు మళ్ళీమళ్ళీ దొర్లుతోంది. శాస్త్రవేత్త "కండ పెరిగింది" అంటే వార్తలో అది "బలం పెరిగింది" అయిపోతోంది. ఈ రెండూ ఒకటి కావు. ఆ తేడా తెలియని పాఠకులు ప్రొటీన్ పొడి డబ్బాలు కొంటారు, వ్యాయామమంటే నడకే అనుకుంటారు, కొన్నేళ్ళకు కుర్చీ చేతులు ఊతంగా పట్టుకుంటే తప్ప లేవలేని స్థితికి వస్తారు. కండరాల శరీరధర్మం బోధించేవాళ్ళం, వ్యాయామ చికిత్స చేయించేవాళ్ళం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నది అందుకే.

ఈ గందరగోళానికి బీజం పేరులోనే పడింది. 1989లో అమెరికా పోషకాహార శాస్త్రవేత్త ఇర్విన్ రోజెన్‌బర్గ్ ఈ స్థితికి 'సార్కోపీనియా' అని పేరు పెట్టాడు. గ్రీకులో సార్క్స్ అంటే మాంసం, పీనియా అంటే లేమి. పేరు పెట్టడం వల్ల మేలే జరిగింది. "వయసైపోయింది, అంతే" అని వదిలేస్తూ వచ్చినదాన్ని కొలిచి, కారణం వెతకాల్సిన సమస్యగా చూడటం మొదలైంది. 2016 అక్టోబరులో అమెరికా వాడే వ్యాధుల సంకేతాల పట్టికలో దీనికి ఎం62.84 అని సొంత సంఖ్య కూడా దక్కింది. కానీ ఆ పేరు అందరి చూపునూ మాంసం మీదికే తిప్పేసింది. స్కానింగు తీసి, కండ ఎంత తగ్గిందో చూసి సమస్యను తేల్చడం అలవాటైపోయింది.

ఆ అలవాటు తప్పని చూపించింది 'హెల్త్ ఏబీసీ' అనే అమెరికా అధ్యయనం. డెబ్బైల్లో ఉన్న స్త్రీపురుషులను మూడేళ్ళపాటు కనిపెట్టి 2006లో వెలువరించిన ఫలితాల్లో, కాళ్ళ కండ ఏడాదికి సుమారు ఒక శాతం చొప్పున తగ్గితే, మోకాలు చాచే బలం దాదాపు మూడు రెట్ల వేగంతో తగ్గింది. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. ఆ మూడేళ్ళలో కండ తగ్గనివాళ్ళలోనూ, కాస్త పెరిగినవాళ్ళలోనూ కూడా బలం తగ్గింది. అంటే పోయిన బలంలో పెద్ద వాటా కండ పరిమాణంతో సంబంధం లేకుండానే పోతోంది. దీనికి విడిగా పేరుండాలని 2008లో బ్రయాన్ క్లార్క్, టాడ్ మానినీ 'డైనపీనియా' అన్న మాట తెచ్చారు. బలలేమి అని దానర్థం. యూరప్ నిపుణుల బృందం 2018లో నిర్వచనాన్ని సవరించి, ముందు బలం కొలవండి, కండ సంగతి ఆ తర్వాత అని క్రమం మార్చింది.

మరి ఆ బలం ఎటు పోతోంది? కుర్చీలోంచి లేవాలనుకున్న క్షణం నుంచి నిటారుగా నిలబడేదాకా శరీరంలో ఏం జరుగుతుందో ఒక్కో మెట్టూ చూస్తే తెలుస్తుంది.

మెదడు నుంచి వచ్చిన ఆజ్ఞ వెన్నుపాములో ఉన్న చాలక నాడీకణానికి చేరుతుంది. ఆ ఒక్క కణం నుంచి బయల్దేరిన నరం చివర కొమ్మలుగా చీలి, తొడలాంటి పెద్ద కండరంలో వందల పోగులను పట్టుకుని ఉంటుంది. కణం ఉలిక్కిపడితే ఆ పోగులన్నీ ఒక్కసారే బిగుస్తాయి. టామ్లిన్సన్, ఇర్వింగ్ అనే ఇద్దరు పరిశోధకులు 13 నుంచి 95 ఏళ్ళ వయసులో చనిపోయిన 47 మంది వెన్నుపాముల్లో కాళ్ళకు పోయే ఈ కణాలను లెక్కపెట్టి 1977లో ఫలితాలు ప్రకటించారు. అరవై దాకా సంఖ్యలో పెద్ద మార్పు లేదు. అక్కడి నుంచి తరుగుదల మొదలైంది. కొందరిలో పడుచు వయసులో ఉండాల్సినదానికి సగమే మిగిలాయి.

ఒక కణం చచ్చిపోతే దాని కింది పోగులు దిక్కులేనివవుతాయి. పక్కనున్న నరం కొత్త చిగురు వేసి వాటిలో కొన్నిటిని దత్తత తీసుకుంటుంది. ఇక్కడే ఒక చిక్కుంది. పోగుల్లో రెండు రకాలున్నాయి. ఒక రకం నిదానంగా బిగుస్తూ ఎక్కువసేపు పనిచేస్తుంది. రెండోది చటుక్కున, బలంగా బిగిసి తొందరగా అలసిపోతుంది. వయసుతో ఎక్కువ సన్నబడేదీ, ఎక్కువగా దిక్కులేనిదయ్యేదీ ఈ రెండో రకమే. దాన్ని నిదానపు నరం దత్తత తీసుకుంటే అదీ నిదానపు పోగుగా మారిపోతుంది. పెద్దవాళ్ళ కండరాన్ని సన్నటి పొరగా కోసి రంగు వేసి చూస్తే, పడుచు కండరంలో చదరంగం గళ్ళలా కలగలిసి ఉండే రెండు రకాలూ ఇక్కడ గుంపులు గుంపులుగా కనిపిస్తాయి. దత్తత జరిగిందనడానికి ఆ గుంపులే సాక్ష్యం. ఎవరూ తీసుకోని పోగులు ఎండిపోయి, ఆ చోట కొవ్వు, నారలాంటి కణజాలం చేరతాయి. తొడ చుట్టుకొలత మాత్రం పెద్దగా మారకపోవచ్చు. టేపు పెట్టి కొలిచేవాళ్ళు మోసపోయేది ఇక్కడే.

స్వీడన్‌లో యాన్ లెక్సెల్ బృందం 15 నుంచి 83 ఏళ్ళ మధ్య హఠాత్తుగా చనిపోయిన 43 మంది పురుషుల తొడ బయటివైపు కండరాన్ని నిలువెల్లా తీసి, అడ్డంగా కోసి, పోగులు లెక్కించింది. 1988లో వచ్చిన ఆ లెక్క ప్రకారం క్షీణత ఇరవై అయిదేళ్ళ ప్రాంతంలోనే మొదలవుతుంది, ఎనభై వచ్చేసరికి కండరం అడ్డుకోత వైశాల్యం దాదాపు 40 శాతం తగ్గుతుంది. ఆ తగ్గుదలలో పోగులు సన్నబడటం కన్నా పోగుల సంఖ్య పడిపోవడానిదే పెద్ద వాటా. సన్నబడ్డ పోగును లావు చేయొచ్చు. పోయిన పోగును తిరిగి తేవడం మాత్రం ఇంకా మన చేతిలో లేదు.

ఇప్పుడు ఇంకాస్త లోపలికి వెళ్దాం. నరం కొస నుంచి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలై పోగు పైపొరను తాకుతుంది. విద్యుత్ సంకేతం సన్నటి గొట్టాల గుండా పోగు లోపలికి పాకుతుంది. అక్కడ కాల్షియాన్ని దాచిపెట్టుకున్న సంచులు ఉంటాయి. బయటితో పోలిస్తే ఆ సంచిలో కాల్షియం గాఢత వేల రెట్లు ఎక్కువ. సంచికి ఉన్న తలుపు పేరు రయనోడిన్ గ్రాహకం. అది చాలా భారీ కట్టడం. 5,000కు పైగా అమైనో ఆమ్లాలున్న గొలుసులు నాలుగు కలిస్తే ఒక తలుపు. సంకేతం రాగానే తలుపు తెరుచుకుంటుంది, కాల్షియం ఒక్కుమ్మడిగా బయటికి వస్తుంది, మయోసిన్ అనే ప్రొటీన్ తలలు యాక్టిన్ అనే మరో ప్రొటీన్ తీగలను పట్టి లాగుతాయి. కండరం బిగుస్తుంది. వెంటనే పంపులు కాల్షియాన్ని తోడి మళ్ళీ సంచిలో పోస్తాయి. బిగువు ఎంత బలంగా ఉంటుందన్నది ఆ ఒక్కుమ్మడి ప్రవాహం మీదే ఆధారపడి ఉంటుంది.

న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆండ్రూ మార్క్స్ బృందం 2011లో చూపించింది ఈ తలుపు సంగతే. మూసి ఉన్నప్పుడు తలుపు కదలకుండా కాల్‌స్టాబిన్ అనే చిన్న ప్రొటీన్ గొళ్ళెంలా పట్టి ఉంచుతుంది. ముసలి ఎలుకల కండరంలో తలుపు ఆక్సీకరణకు గురై, గొళ్ళెం ఊడిపోయి కనిపించింది. అప్పుడు తలుపు సరిగా మూసుకోదు, కాల్షియం బొట్లుబొట్లుగా కారుతూనే ఉంటుంది. కారిన కాల్షియం పక్కనే ఉండి కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలోకి చేరి వాటిని దెబ్బతీస్తుంది. దెబ్బతిన్న మైటోకాండ్రియా మరిన్ని ఆక్సీకరణ కారకాలను వదులుతాయి. అవి వచ్చి తలుపును ఇంకా పాడుచేస్తాయి. ఇదొక విషవలయం. తీరా గట్టిగా బిగవాల్సి వచ్చినప్పుడు ప్రవాహంలో ఊపు ఉండదు. గొళ్ళెం ఊడకుండా చూసే ఎస్107 అనే పదార్థాన్ని రెండేళ్ళ ఎలుకలకు నాలుగు వారాలు ఇస్తే కారుడు తగ్గింది, కండర బలం పెరిగింది, అవి చక్రంలో మునుపటికన్నా ఎక్కువ దూరం పరిగెత్తాయి. కండ పరిమాణం పెరగకుండానే సత్తువ పెరగొచ్చని ఇంత స్పష్టంగా చూపిన ప్రయోగాలు తక్కువ. అయితే అవి ఎలుకలు. మనుషుల ముసలితనపు నీరసానికి అది మందుగా రాలేదు.

ఇక కండ కట్టే పని. తిన్న ప్రొటీన్‌లోని అమైనో ఆమ్లాలు, ముఖ్యంగా లూసిన్, కండర కణంలో ఎంటార్ అనే మీటను నొక్కితే కొత్త ప్రొటీన్ తయారవుతుంది. వయసు పెరిగేకొద్దీ ఆ మీట బిగుసుకుపోతుంది. పడుచువాళ్ళలో ఒక పూటకు ఒంటి బరువులో కిలోకు 0.24 గ్రాముల ప్రొటీన్‌తో పూర్తిగా కదిలే మీట, పెద్దవాళ్ళలో కదలాలంటే 0.4 గ్రాముల దాకా కావాలని 2015లో వచ్చిన విశ్లేషణ లెక్కగట్టింది. 60 కిలోల మనిషికి అది పూటకు 24 గ్రాములు. రోజు మొత్తానికి కిలోకు 1.0 నుంచి 1.2 గ్రాములు ఉండాలని 'ప్రొట్-ఏజ్' నిపుణుల బృందం 2013లో చెప్పింది. జబ్బుపడి లేస్తున్నవాళ్ళకు 1.2 నుంచి 1.5. మూత్రపిండాలు బాగా దెబ్బతిని, ఇంకా డయాలసిస్ మొదలుపెట్టని వాళ్ళకు ఈ లెక్క వర్తించదు. వాళ్ళు వైద్యుడు చెప్పిన హద్దులోనే ఉండాలి. సాధారణంగా జరిగే తప్పు మొత్తం తక్కువవడం ఒక్కటే కాదు. ఉదయం దాదాపు ఏమీ లేకుండా, రాత్రి ఒక్కపూటే అంతా తినేస్తారు. అప్పుడు మీట రోజుకు ఒక్కసారే కదులుతుంది.

కానీ ప్రొటీన్ ఒక్కదానితో ఏం అవుతుంది? దీనికి సమాధానం ముప్పై ఏళ్ళ కిందటే వచ్చింది. మరియా ఫియటరోన్ బృందం బోస్టన్‌లో వృద్ధాశ్రమాల్లో ఉంటున్న, సగటున 87 ఏళ్ళ వయసున్న 100 మందిని నాలుగు జట్లు చేసింది. ఒక జట్టుకు బరువులతో వ్యాయామం, ఒక జట్టుకు పోషకాహార పానీయం, ఒక జట్టుకు రెండూ, ఒక జట్టుకు రెండూ లేవు. పది వారాల తర్వాత, 1994లో ప్రకటించిన ఫలితాల్లో వ్యాయామం చేసినవాళ్ళ బలం రెట్టింపు దాటింది. 113 శాతం పెరిగింది. పానీయం మాత్రమే తాగినవాళ్ళలో బలహీనత తగ్గలేదు.

అదే బృందం అంతకుముందు 1990లో చేసిన చిన్న ప్రయోగం ఈ ఉత్తరానికి గుండెకాయ లాంటిది. సగటు వయసు 90 ఏళ్ళు. పదిమంది మొదలుపెట్టారు, తొమ్మిదిమంది పూర్తిచేశారు. ఒక్కసారి ఎత్తగల గరిష్ఠ బరువులో 80 శాతం దాకా పెంచుకుంటూ ఎనిమిది వారాలు తొడలకు పని చెప్పారు. బలం సగటున 174 శాతం పెరిగింది. నడుమ తొడ కండ ఎంత పెరిగిందో తెలుసా? 9 శాతం. ఆ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడండి. మిగతా పెరుగుదల నరాల వైపు నుంచి వచ్చింది. నిద్రపోతున్న నాడీకణాలు మేల్కొన్నాయి, ఆజ్ఞలు వేగంగా వెళ్ళాయి, ఎదురులాగే కండరాలు సడలడం నేర్చుకున్నాయి. స్కానింగు మాత్రమే చూసేవాళ్ళు ఈ వ్యాయామం పెద్దగా పనిచేయలేదని తేల్చేవారు.

ఇప్పుడు దీనికి సరిగ్గా ఎదురు కథ చూడండి. 1997లో అలెగ్జాండ్రా మెక్‌ఫెరాన్, సే-జిన్ లీ బృందం మయోస్టాటిన్ అనే ప్రొటీన్‌ను కనిపెట్టింది. కండ ఒక హద్దు దాటి పెరగకుండా ఆపే కళ్ళెం అది. ఆ జన్యువును తీసేసిన ఎలుకల్లో కండరాలు మామూలుకన్నా రెండు మూడు రెట్లు బరువు తూగాయి. ఆ ఎలుకల బొమ్మలు లోకమంతా తిరిగాయి. ఇక ముసలితనపు నీరసానికి మందు దొరికినట్టేనని అందరూ అనుకున్నారు. 2007లో ఇంకో బృందం ఆ లావాటి కండరాలు ఎంత బలంగా బిగుస్తాయో కొలిచింది. పరిమాణానికి తగ్గ బలం లేదు. ఆ తర్వాత మయోస్టాటిన్ దారిని అడ్డుకునే బిమాగ్రుమాబ్ అనే యాంటీబాడీని డెబ్బై దాటిన సార్కోపీనియా రోగులు 180 మందిపై 24 వారాలు పరీక్షించి 2020లో ఫలితాలు ఇచ్చారు. మందు తీసుకున్నవాళ్ళలో కొవ్వు కాని ఒంటి బరువు 7 శాతం పెరిగింది, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్ళలో 1 శాతం. నడక, కుర్చీలోంచి లేవడం, నిలకడ కలిపి వేసే మార్కుల్లో మాత్రం రెండు జట్లకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రెండు జట్ల చేతా తేలికపాటి వ్యాయామం చేయించారు, తగినంత ప్రొటీన్ ఇచ్చారు. ఆ మాత్రానికే ఉత్తుత్తి మందు జట్టు కూడా మెరుగుపడింది.

కాబట్టి సంపాదకులకు మా విన్నపం ఇది. ఇలాంటి వార్త బల్ల మీదికి వచ్చినప్పుడు మూడు విషయాలు విచారించి వేయండి. ప్రయోగం ఎలుకల్లోనా, మనుషుల్లోనా? కొలిచింది కండనా, బలాన్నా, నడకలాంటి పనినా? పోల్చింది ఏమీ చేయనివాళ్ళతోనా, వ్యాయామం చేస్తున్నవాళ్ళతోనా? ఉదాహరణకు స్టాన్‌ఫర్డ్‌లో హెలెన్ బ్లా బృందం 2021లో 15-పీజీడీహెచ్ అనే ఎంజైమును అణిచి ముసలి ఎలుకల్లో కండనూ బలాన్నీ రెండింటినీ పెంచింది. మంచి పరిశోధన, ఆశపడొచ్చు. మొదటి ప్రశ్నకు జవాబు మాత్రం "ఎలుకల్లో". ఆ ఒక్కమాట శీర్షికలోనే ఉంటే చాలు. ముసలి ఎలుకకూ పడుచు ఎలుకకూ రక్తనాళాలు కలిపి కుట్టిన ప్రయోగాల సంగతీ అంతే. 2005లో ముసలి కండరం మూలకణాలు మేల్కొన్నాయని వచ్చింది, 2014లో దానికి కారణం జీడీఎఫ్11 అనే ప్రొటీన్ అన్నారు, 2015లో మరో బృందం అదే పదార్థం కండరం బాగుపడటానికి అడ్డుపడుతోందని చూపింది. మొదటి వార్తకు దొరికిన చోటు మూడో వార్తకూ దొరకాలి.

విటమిన్ డి గురించి ఒక్కమాట. లోపం ఉన్నవాళ్ళు సరిదిద్దుకోవాలి, అది వేరు. కానీ ఎక్కువ వేసుకుంటే కాళ్ళు గట్టిపడతాయనుకోవడం ప్రమాదం. డెబ్బై దాటి, అప్పటికే ఒకసారి పడ్డవాళ్ళకు నెలకు 60,000 యూనిట్లు ఇచ్చిన ప్రయోగంలో (2016) కాళ్ళ పనితీరు మెరుగుపడలేదు సరికదా, తక్కువ మోతాదు తీసుకున్నవాళ్ళకన్నా ఎక్కువమంది పడ్డారు.

ఇంట్లోనే కొలుచుకోగలిగిన పద్ధతి పాఠకులకు చెప్పండి. ఆసియా సార్కోపీనియా నిపుణుల బృందం 2019లో ఖరారు చేసిన హద్దులు ఇవి. చేతులు లేని, గోడకు ఆనించిన కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ గుండెల మీద కట్టుకుని, ఐదుసార్లు పూర్తిగా లేచి కూర్చోవాలి. "మొదలు" అన్నప్పటి నుంచి ఐదోసారి నిటారుగా నిలబడేదాకా 12 సెకన్లో అంతకన్నా ఎక్కువో పడితే అనుమానించాలి. మామూలు వేగంతో 6 మీటర్లు నడవడానికి 6 సెకన్లకు మించితే అదీ లెక్కలోకి వస్తుంది. ఈ నడకను కొలిచేటప్పుడు గీతకు కొంచెం వెనక నుంచే నడక మొదలుపెట్టి, చివరి గీత దాటాకే ఆగాలి. గీత దగ్గర ఆగిపోవాలనుకుంటే ముందే వేగం తగ్గిపోయి లెక్క తప్పుతుంది. పట్టు బలం కొలిచే పరికరం దొరికితే మగవాళ్ళలో 28 కిలోలకు తక్కువ, ఆడవాళ్ళలో 18 కిలోలకు తక్కువ అయితే బలహీనత. కనీసం రెండుసార్లు పూర్తి బలంతో నొక్కి, ఎక్కువ వచ్చిన అంకె తీసుకోవాలి. పిక్క చుట్టుకొలత మగవాళ్ళలో 34, ఆడవాళ్ళలో 33 సెంటీమీటర్లకు తగ్గితే పరీక్ష చేయించుకోమని సూచన. అంతకుమించి టేపుకు విలువ ఇవ్వొద్దు. పట్టు బలాన్ని తేలిగ్గా తీసిపారేయకండి. 17 దేశాల్లో సుమారు 1,40,000 మందిని పరిశీలించిన 'ప్యూర్' అధ్యయనంలో (2015) పట్టు 5 కిలోలు తగ్గిన కొద్దీ మరణించే ముప్పు 16 శాతం చొప్పున పెరిగింది. ఆ ముప్పును సూచించడంలో అది పై రక్తపోటు అంకెకన్నా మెరుగ్గా నిలిచింది.

ఇక ఏం చేయాలి? నడక గుండెకు మంచిది, మానొద్దు. కానీ చటుక్కున బిగిసే పోగులను నడక తట్టిలేపదు. బరువు ఎక్కువైనప్పుడో, కదలిక వేగంగా ఉండాల్సి వచ్చినప్పుడో మాత్రమే మెదడు వాటిని పిలుస్తుంది. పిలవని పోగు సన్నబడుతుంది. అందుకే వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో కనీసం ఒక రోజు విరామంతో, బరువుకు ఎదురు పనిచేసే వ్యాయామం కావాలి. మోకాళ్ళు, తుంటి, పిక్కలు, వీపు, ఛాతీ, భుజాలు అన్నిటికీ. ఒక్కోదానికి 8 నుంచి 12 సార్లు, అలా రెండు మూడు విడతలు, విడతకూ విడతకూ మధ్య రెండు నిమిషాల విశ్రాంతి. బరువు సరిపోయిందో లేదో తెలుసుకోవడం తేలిక. పదోసారి పూర్తయ్యాక "ఇంకో రెండుసార్లు చేయగలను, మూడోసారి కష్టం" అనిపించాలి. ఇంకో పదిసార్లు చేయగలను అనిపిస్తే ఆ బరువు చాలదు.

కుర్చీతోనే మొదలుపెట్టొచ్చు. ఎత్తు 45 సెంటీమీటర్ల కుర్చీని గోడకు ఆనించాలి. చేతుల సాయం లేకుండా లేవలేనివాళ్ళు దాని మీద రెండు గట్టి దిండ్లు వేసి ఎత్తు పెంచుకోవాలి. కుర్చీ అంచుకు జరగాలి. పాదాలు తుంటి వెడల్పులో ఉండాలి, మడమలు మోకాళ్ళకన్నా కాస్త వెనక్కి రావాలి. చాలామంది లేవలేకపోయేది బలం లేక కాదు, పాదాలు ముందుకు చాచి ఉండటం వల్ల. ముక్కు కాలివేళ్ళ మీదికి వచ్చేదాకా ఒంగి, ఊపిరి వదులుతూ లేవాలి. మోకాళ్ళు లోపలికి ఒరిగిపోతే తుంటి పక్క కండరం బలహీనంగా ఉందని అర్థం. తొడల చుట్టూ రబ్బరు బ్యాండు వేసుకుని బయటికి నెడుతూ చేస్తే సరవుతుంది. కూర్చునేటప్పుడు మూడు లెక్కపెట్టేంత నిదానంగా దిగాలి. దభీమని కూలబడితే సగం వ్యాయామం పోయినట్టే. వరుసగా రెండు వ్యాయామపు రోజుల్లో 12 సార్లు తేలిగ్గా వచ్చాక ఒక దిండు తీసేయాలి. దిండ్లు అయిపోయాక రెండు కిలోల బరువు గుండెకు హత్తుకోవాలి, తర్వాత నాలుగు. నెలల తరబడి అదే బరువుతో అన్నేసిసార్లు చేస్తూ పోవడమే మేం ఎక్కువగా చూసే తప్పు. కండరం అలవాటుపడిన బరువుకు స్పందించడం మానేస్తుంది.

ఒక నెల గడిచాక వేగం కూడా చేర్చాలి. కాలు జారినప్పుడు పడకుండా నిలదొక్కుకోవడానికి సెకనులో కొంత భాగమే దొరుకుతుంది. ఆ లోపల బిగవని బలం ఎంతున్నా అక్కరకు రాదు. వయసుతో అన్నిటికన్నా ముందు తగ్గేది ఈ చురుకుదనమే. దీనికి బరువు తగ్గించుకోవాలి. ఒక్కసారి ఎత్తగల గరిష్ఠ బరువులో సగం చాలు. లేవడం వీలైనంత వేగంగా, దిగడం నిదానంగా. 6 నుంచి 8 సార్లకు ఆపేయాలి. వేగం తగ్గడం మొదలయ్యాక చేసేది చురుకుదనానికి పనికిరాదు.

ఊపిరి బిగబట్టొద్దు, రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. మర్నాడు, ఎల్లుండి కండరం సలపడం మామూలే. కీలులో పోటు వస్తే, వాపు వస్తే బరువు ఎక్కువైందని అర్థం. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం వస్తే అక్కడే ఆపి వైద్యుణ్ణి కలవాలి. అదుపులో లేని రక్తపోటు, విశ్రాంతిలోనూ వచ్చే గుండెనొప్పి, బృహద్ధమని ఉబ్బు, మధుమేహం వల్ల కంటి రక్తనాళాలు చిట్లే దశ, ఇటీవలి శస్త్రచికిత్స ఉన్నవాళ్ళు ముందే అడిగి మొదలుపెట్టాలి. మిగతావాళ్ళకు వయసు అడ్డంకి కాదు. 70 నుంచి 89 ఏళ్ళ మధ్యనున్న 1,635 మందితో రెండున్నరేళ్ళకు పైగా సాగిన 'లైఫ్' అధ్యయనంలో (2014) నడకతోపాటు బలం, నిలకడ వ్యాయామాలు చేసినవాళ్ళలో 400 మీటర్లు నడవలేని స్థితికి చేరే ముప్పు 18 శాతం తగ్గింది.

అన్నిటికన్నా త్వరగా బలం పోయేది మంచం మీద. 2007లో ప్రకటించిన ఒక ప్రయోగంలో, ఏ జబ్బూ లేని, సగటున 67 ఏళ్ళవాళ్ళను పది రోజులు మంచం దిగనివ్వకుండా ఉంచితే కాళ్ళ నుంచే దాదాపు ఒక కిలో కండ కరిగిపోయింది. పడుచువాళ్ళలా అది దానంతటదే తిరిగిరాదు. జ్వరానికో, శస్త్రచికిత్సకో పడుకోవాల్సి వస్తే, వైద్యుడు వద్దననంతవరకూ రోజుకు నాలుగైదుసార్లు మంచం అంచున కూర్చుని లేవడం, పడుకునే పాదాలు కిందికీ పైకీ ఆడించడం, మోకాలు చాచి ఐదు సెకన్లు బిగించి పట్టడం చేయాలి. ఇంటికొచ్చాక పాత బరువుతో మొదలుపెట్టొద్దు. ఫియటరోన్ చూసిన తొంభై ఏళ్ళవాళ్ళలో నాలుగు వారాలు ఆపేసరికే బలం 32 శాతం పోయింది. ఆపేసిన చోటి బరువులో సగంతో, దిండ్లు మళ్ళీ కుర్చీ మీద వేసుకుని, రెండు వారాలకొకసారి ఐదు లేవడాలకు పట్టే సెకన్లు కాగితం మీద రాసుకుంటూ పోవాలి.

ఇట్లు,
కండర శరీరధర్మ శాస్త్ర అధ్యాపకులు, వ్యాయామ చికిత్సకులు